నెత్తురు ఇంకని పొర

తొందరపడ్డవాడికి సగం సరుకే దక్కుతుందని మిర్చి వ్యాపారంలో ఉన్నంతకాలం గురునాథం పదిమందికి చెప్పేవాడు. చెమ్మ ఆరని కాయను బస్తాకెత్తితే బూజు పడుతుంది, ఆరేదాకా ఆగినవాడిదే ధర అనేవాడు. విన్న పదిమందీ ఆ మాట గుర్తుపెట్టుకున్నారు. చెప్పినవాడే దాన్ని మరిచిపోయిన రోజు ఒకటుంది. పంతొమ్మిదివందల ఎనభై నాలుగు, ఏప్రిల్ ఆఖరి సోమవారం.

ఆ రోజు తెల్లవారుతూనే అతను తన కోడిపిల్లల హేచరీ గదిలోకి అడుగుపెట్టి, పెట్టిన కాలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. నేలంతా నీళ్ళు. పంచె అంచు తడిసి కాలికి అంటుకుంది.

"ఏం రెబ్కా, చేపలు పెంచుతున్నావా ఇక్కడ?"

రెబ్కా వెనక్కి తిరగలేదు. గోనెసంచిని బకెట్లో ముంచి, పిండకుండానే ఎత్తి, గుడ్లు పొదిగే మిషను పక్కన కట్టిన తాడు మీద పరిచింది. అది నాలుగోది. చివర్ల నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మోచేతితో నుదురు తుడుచుకుని అప్పుడు చెప్పింది.

"ఇరవయ్యో రోజు కదయ్యా. ఈ పూట గాలి పొడిబారిందంటే గుడ్డులో పొర అట్ట కట్టుద్ది. పిల్ల మెడ కూడా తిప్పుకోలేదు."

మార్టూరు దాటాక రోడ్డు వారగా, పత్తి చేల మధ్య ఉంది ఆ హేచరీ. రెబ్కా ఆ చేల వెనక పల్లెలో ఉంటుంది. యాభైకి దగ్గర పడింది. పల్లెలో సగంమందిని ఈ లోకంలోకి పట్టి దించిన మంత్రసాని ఆమె. మనిషి పిల్లను పట్టిన చేతికి కోడిపిల్ల ఒక లెక్కా అని గురునాథం ఆమెను ఏరి తెచ్చుకున్నాడు. ఏరడంలో అతనెప్పుడూ పొరబడలేదు.

జనరేటరూ వ్యానూ చూసుకునే బుడాన్ ఎడమచెయ్యి ఊదుకుంటూ వచ్చాడు. జనరేటరు గొట్టం తగిలి మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది.

"ఇటివ్వు చెయ్యి," అంది రెబ్కా. పిల్ల కట్టలేదని పక్కన తీసి పెట్టిన వట్టిగుడ్డు ఒకటి పగలగొట్టి సొన గిన్నెలో వొంపి, పెంకు లోపలి వైపు గోటితో గీకింది. తెల్లటి పొర ఒకటి ఊడి వచ్చింది. దాన్ని కాలినచోట పరిచి వేలితో నిమిరింది. తడిగా ఉన్న పొర చర్మానికి అతుక్కుపోయింది.

"గాయం మానుద్దా అక్కా, లేకపోతే మూడువారాలకి పిల్ల పుట్టుద్దా?"

"నీ మొహానికి పుంజే పుట్టుద్దిలే. చెయ్యి ఆడించమాక. ఆరితే అదే బిగుసుకుంటది."

గురునాథం ఆ పెంకు తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. ఏ సరుకైనా లోపలేముందో తెలుసుకోకుండా అతను అమ్మడు. పెంకును అంటిపెట్టుకుని ఇంకా ఒక పొర ఉంది. రెబ్కా ఒలిచింది లోపలిదన్న మాట. గుడ్డు లావు వైపు మాత్రం ఆ రెండూ ముందునుంచే విడిపోయి, మధ్యలో బొటనవేలి గోరంత ఖాళీ ఉంది.

"అదే గాలి అర," అంది రెబ్కా. "పిల్ల ముందు చీల్చేది పెంకును కాదండయ్యా. లోపలి పొరను. ముక్కు తెచ్చి ఈ అరలో పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటది. అప్పుడే కియ్యిమంటది. ఆ ఊపిరితో బలం తెచ్చుకుని పెంకు పొడుస్తది. పొడిచి పడుకుంటది."

"పడుకోవడం దేనికి?"

"పొర నిండా నరాలుంటాయి కదా. ఇన్నాళ్ళూ వాటితోనే బతికింది. అందులో నెత్తురంతా ఒంట్లోకి లాక్కోవాల. ఒక పూట పట్టుద్ది. చూసేవాళ్ళకి చచ్చిందేమో అనిపించుద్ది. చావదు. ఆ నెత్తురు ఇంకేదాకా మనం చెయ్యి పెట్టకూడదు. అంతే ఇందులో కిటుకు."

ఆమె మిషను తలుపు బెత్తెడు తెరిచి, ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ లోపల పెట్టి తలుపు మూసింది. అంతా రెప్పపాటులో.

"కొన్ని పొడిచాయి. దీపాలేళకి బయటపడటం మొదలవుద్ది. రేపు తెల్లారేసరికి అన్నీ బయటికొస్తాయి."

"రేపా?" గురునాథం గొంతు మారింది. "మధ్యాహ్నానికన్నావు కదా!"

"పన్నెండో రోజు కరెంటు పోయి జనరేటరు మొరాయించింది గుర్తుందా? ఆరు గంటలు చల్లబడ్డాయి. ఆ ఆరు గంటలూ అవి మనకి మాఫీ చెయ్యవు కదయ్యా. ఆలస్యంగా వస్తాయి."

గురునాథం వాకిలి వైపు చూశాడు. పదకొండింటికి రామచంద్రమూర్తి వస్తాడు. రిటైరైన హెడ్మాస్టరు. సింగరాయకొండ దగ్గర తను కోళ్ళ షెడ్డు వేయడమే కాకుండా, ఎనిమిదిమంది రైతుల చేత వేయించాడు. తొమ్మిది షెడ్లకూ ఇకమీద కోడిపిల్లలు ఇక్కడినుంచే. ఈ మూడువేలు మొదటి విడత.

"సంతోషం ఎట్లా ఉంది?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని. సంతోషకుమారి రెబ్కా ఒక్కగానొక్క కూతురు, తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది.

"రాత్రంతా మూలిగిందయ్యా. ఉత్త నొప్పులే. ఇంకా వారం పైన ఉంది. వాళ్ళత్త కూడా వేటపాలెం నుంచి వచ్చి కూర్చుంది. నా కంటి మీద కునుకు లేదు." ఆవలిస్తూ నవ్వింది రెబ్కా. "అయినా నా చేతుల్లో పడేదానికి భయమేముందిలే."

*

రామచంద్రమూర్తి పదకొండుకు అయిదు నిమిషాల ముందే వచ్చాడు. ఇద్దరు రైతులను వెంటబెట్టుకుని, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలు జీపు నిండా తెచ్చాడు.

"ఏవండీ గురునాథం గారూ, పిల్లలు తయారేనా?"

"కాస్త ఆలస్యమయ్యేట్టుంది మాస్టారూ. సాయంత్రానికి కొన్ని, రేపు పొద్దుటికి..."

"సాయంత్రమా?" మాస్టారు చేతిసంచిలోంచి పంచాంగం తీశాడు. తీయకుండానే చెప్పగలడు, అయినా తీశాడు. "పన్నెండున్నరకి అమావాస్య వస్తోంది. రేపు మంగళవారం. ప్రాణమున్న సొమ్మును అమావాస్య పూట గడప దాటించమంటారా? అదీ మొదటిసారి?"

"బుధవారం తీసుకెళ్ళండి. నేనే పంపిస్తాను."

"బుధవారం దాకా మేత లేకుండా నిలబడతాయా అవి? నేను బడి పిల్లల్ని చూసినవాణ్ణే కానీ ఈ మాత్రం తెలుసుకున్నాను. ఎనిమిదిమంది నా మాట మీద అప్పులు తెచ్చారండీ. వాళ్ళ మొదటి అడుగే అమావాస్యలో పడిందంటే, రేపు ఒక కోడి తుమ్మినా నన్నే అంటారు. మీకు కుదరదంటే చెప్పండి. విజయవాడ వాళ్ళు నిన్న కూడా మనిషిని పంపారు."

ఆయన బెదిరించలేదు. ఉన్నది చెప్పాడు. అందుకే ఆ మాట గట్టిగా తగిలింది. గురునాథం నిలబడి లెక్క వేసుకున్నాడు. ఒక పక్క తొమ్మిది షెడ్లు, ఏడాదికి ఆరు విడతలు. ఇంకో పక్క ఒక మంత్రసాని మాట. పెంకు పొడిచినవి ఎలాగూ వచ్చేవే కదా. వచ్చేదాన్ని కాస్త ముందు తీస్తే పోయేదేముంది?

లోపలికి వెళ్ళాడు. "రెబ్కా, ట్రేలు బయటికి తియ్యి. పొడిచినవన్నీ ఒలిచేద్దాం."

ఆమెకు మాట అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. "పొర మీద నెత్తురుందయ్యా ఇంకా."

"ఉంటే ఉంది. కాస్త సాయం చేస్తే చస్తాయా?"

"చస్తాయండయ్యా."

"ఎందరికి పురుడు పోశావు నువ్వు! కాన్పు కష్టమైతే చెయ్యి వెయ్యవా?"

"కష్టమైతే వేస్తా. వేళ కాకపోతే వెయ్యను."

బయట జీపు హారను మోగింది. గురునాథం ఆమెను పక్కకు జరిపి మిషను రెండు తలుపులూ బార్లా తెరిచాడు. వెచ్చటి తేమ గాలి మొహాన కొట్టి, గది దాటి బయటికి పోయింది. ట్రే లాగి ఆమె ముందు పెట్టాడు. "కూర్చో. నీ చెయ్యి తేలిక. నువ్వు మొదలుపెడితే వీళ్ళు చూసి చేస్తారు."

రెబ్కా కూర్చుంది. మూడేళ్ళుగా అతను చెప్పిన ఏ పనికీ ఆమె నిలబడి కాదనలేదు. నిలబడి కాదనడం ఎలాగో ఆ చేతులకు అలవాటు లేదు. గుడ్డు ఎత్తింది, పొడిచిన కన్నం దగ్గర గోరు పెట్టి పెంకు చిన్న చిన్న ముక్కలుగా తీసింది. కింద పొర కనిపించింది, దాని మీద దారాల్లా ఎర్రటి నరాలు. గోటి కొనతో చీల్చింది. చీల్చినచోట నెత్తురు చుక్క ఊరి, చుక్క గీతైంది. పిల్ల నోరు తెరిచింది. అరవలేదు.

బుడానూ ఇద్దరు రైతులూ చుట్టూ కూర్చున్నారు. గాలి తగలాలని ఎవరో కిటికీ కూడా తెరిచారు. రోడ్డుకు అవతల కళ్ళంలో ఆఖరి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. వాటి మీదుగా వచ్చిన వడగాలికి అందరూ తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ ఒలిచారు. రెబ్కా పదకొండు గుడ్లు తీసింది. పదకొండోదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ చెయ్యి చాపలేదు.

పన్నెండుంబావుకి నాలుగువందల పిల్లలు బయటికొచ్చాయి. పెట్టెల్లో పక్కకు ఒరిగి, తడిసిన దూదిలా పడి ఉన్నాయి. కొన్ని కాళ్ళు తన్నుకున్నాయి. చాలావాటికి అదీ లేదు. రామచంద్రమూర్తి ఒక పెట్టెలోకి తొంగిచూసి, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

మిగతావాటినైనా కాపాడుకుందామని తలుపులు మూశారు. అప్పటికి అవి తెరిచి గంట దాటింది. రెండింటికల్లా మిషనులో ఆ సన్నటి కియ్యిమనే చప్పుడు ఆగిపోయింది. గురునాథం ఒక గుడ్డు పగలగొట్టాడు. పొర తెల్లగా, ఎండిన కాగితంలా బిర్రబిగిసి పిల్ల ముక్కుకూ కళ్ళకూ అతుక్కుపోయి ఉంది. ఇంకొకటి కొట్టాడు. అదీ అంతే.

"ఎందుకిలా అయిందండీ?" అన్నాడు రామచంద్రమూర్తి. వెనక రైతులు నిలబడ్డారు. రోడ్డు మీద టీ తాగుతున్నవాళ్ళు కూడా గేటు దగ్గరికి వచ్చి చూస్తున్నారు.

ఆ క్షణంలో గురునాథానికి నిజం చెబుదామన్న ఆలోచన రాలేదని కాదు. వచ్చింది. వచ్చినదాన్ని అతను సరుకు చూసినట్టే అటూ ఇటూ తిప్పి చూశాడు. తొందరపడి తీయించింది నేనే అంటే ఆ తొందర మాస్టారిది కూడా అవుతుంది, ఆయనకు అది రుచించదు. మిషను తప్పంటే ఇక ఎవరూ రారు. మనిషి తప్పంటే మనిషిని మారిస్తే సరిపోతుంది. తాడు మీది గోనెసంచి పట్టి చూశాడు. వడగాలికి ఎండి పెళపెళలాడుతోంది.

"తడిగోనెలు వెయ్యమని నెత్తీ నోరూ కొట్టుకుంటాను మాస్టారూ," అన్నాడు. "మా మనిషికి ఇంట్లో కూతురి కాన్పు గొడవ. ధ్యాస ఇక్కడ లేదు. చూడండి, చుక్క తడి ఉందేమో."

రెబ్కా గుమ్మంలోనే ఉంది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆమె అరవలేదు. మెల్లగా వచ్చి నాలుగు సంచులూ ఒక్కొక్కటే పట్టి చూసింది. తర్వాత తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. పొడిగా ఉన్న సంచినీ, పొడిగా ఉన్న చేతులనూ మార్చి మార్చి చూసి, కొంగు భుజం మీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

*

మంగళవారం బుడాన్ పత్తి చేను చివర గొయ్యి తవ్వాడు. గంపలకెత్తి పోయడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మణికట్టు మీది పొర బిగుసుకుని మెరుస్తోంది, కింద గాయం నొప్పి పెట్టడం లేదన్నాడు. ఆఖరి గంప బోర్లించాక పార మీద ఆనుకుని నిలబడ్డాడు.

"సార్, గోనెలు అక్క తడిపే ఉంటది. నేను చెయ్యి చూపించడానికి వచ్చినప్పుడు కింద నీళ్ళు..."

"మట్టి కప్పు ముందు. కుక్కలు పీకుతాయి."

బుడాన్ మట్టి కప్పాడు. జీతగాడి సాక్ష్యం అంతవరకే నడుస్తుంది.

రెబ్కా ఒంటిగంటకు గురునాథం ఇంటికి వచ్చింది. వరండా మెట్టు కింద నిలబడింది. గురునాథం భార్య సీతారత్నం మజ్జిగ ఇవ్వబోతే వద్దంది.

"పనికోసం రాలేదయ్యా. ఒక్క మాట అడిగి పోదామని."

"అడుగు."

"నిన్న పొద్దున్న నేను గోనెలు తడిపానా?"

గురునాథం చేతిలోని తమలపాకు చేతిలోనే ఉండిపోయింది. పోట్లాడ్డానికి వచ్చిందేమో, నలుగురిలో నా పరువు తీశావని ఏడుస్తుందేమో, అనుకున్నవన్నీ ఇవి. ఈ ప్రశ్న అతని లెక్కలో లేదు.

"తడిపినట్టే గుర్తయ్యా నాకు. బకెట్టు ఎత్తినట్టు, నీళ్ళు కారినట్టు కళ్ళకు కట్టినట్టుంది. కానీ అది నిన్నటిదో మొన్నటిదో తెలవడం లేదు. రోజూ చేసే పనే కదా. రాత్రి నిద్ర లేదు, బుర్రంతా పిల్ల మీదే ఉంది. మీరు వచ్చారు కదా తెల్లారి. మీరు చూశారా?"

దండెం మీద అతని పంచె ఆరేసి ఉంది. తడిసిన అంచుకు అంటిన మట్టిమరక సబ్బుకు కూడా పోలేదని పొద్దున్నే సీతారత్నం విసుక్కుంది. గురునాథం దాని వైపు చూడలేదు. రామచంద్రమూర్తి దగ్గరినుంచి కబురొచ్చి గంట కూడా కాలేదు. రెబ్కాను తీసేసి మనిషిని మార్చారు కాబట్టి ఇంకో విడత చూద్దామన్నాడాయన. ఇప్పుడు ఈమెకు చూశానంటే, ఈమె పల్లెలో చెబుతుంది, పల్లె రోడ్డెక్కుతుంది. నాలుగు రోజులు పోనిస్తే అదే చల్లబడుతుంది. నెల తిరిగాక పిలిచి జీతం పెంచి పెట్టుకోవచ్చు. అప్పుడు ఈమెకూ లాభమే.

"జరిగిందేదో జరిగింది రెబ్కా. మనిషన్నాక పొరపాటు పడతాడు. నేనేమన్నా కేసు పెట్టానా?"

"అంటే తడపలేదా అయ్యా?"

"గోనెలు పొడిగా ఉన్నాయా లేదా? నువ్వే పట్టి చూశావు కదా."

అందులో అబద్ధపు మాట ఒక్కటీ లేదు. త్రాసు సరిగ్గానే ఉంది. పళ్ళెం కింద వేలు పెట్టిన సంగతి తూచేవాడికే తెలుసు.

రెబ్కా తల ఊపింది. "మీరు లెక్క తప్పే మనిషి కాదు. అందుకే మిమ్మల్నే అడుగుదామని వచ్చా." గేటు వైపు తిరగబోయి ఆగింది. "మూడువేల ప్రాణాలండయ్యా. ముక్కు బయటపెట్టి మరీ పోయాయి."

అతను తమలపాకు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. ఆమె గేటు దాటేదాకా నమలలేదు.

*

గురువారం తొమ్మిదింటికి బుడాన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "సార్, వ్యాను కావాల. సంతోషానికి నొప్పులు. తెల్లారినకాడి నుంచి పడతంది. పేట ఆసుపత్రికి తీసకపోవాలంట."

"రెబ్కా ఉండగా ఆసుపత్రి దేనికి?"

"అక్క చెయ్యి పెట్టనంటంది సార్."

గురునాథం చెప్పులేసుకుని తనే ముందు సీట్లో ఎక్కాడు. ఎందుకెక్కాడో సీతారత్నం అడిగింది. చిలకలూరిపేటలో పనుందన్నాడు.

పల్లెలో రెబ్కా ఇంటి ముందు ఆడవాళ్ళు మూగి ఉన్నారు. లోపల సంతోషకుమారి మూలుగు. వియ్యపురాలు మార్తమ్మ, జీడిగింజలు ఒలిచిన జిడ్డుకు నల్లబడ్డ వేళ్ళతో రెబ్కా రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తోంది.

"నేనేమన్నా అన్నానా వదినా? ఎవరే కూత కూసినా నమ్మానా నేను? నీ చెయ్యి ఉందనే కదా కోడల్ని నీ దగ్గర ఉంచి నేనూ ఇక్కడే కూర్చుంది! కోడిపిల్లలు చస్తే నీ చెయ్యి చెడిపోద్దా?"

"కూత కాదు వదినా. అయ్యగారే చెప్పారు. నేను అడిగి తెలుసుకున్నా." రెబ్కా గొంతు మామూలుగా ఉంది. "చేసే పనే నాకు గుర్తుండటంలా. చేశాననుకుంటన్నా, చెయ్యటంలా. దీని దగ్గర కూడా అట్లా మరిచానంటే? వద్దు. నా చేతికి ఇయ్యమాక దీన్ని."

ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉన్నాయి. ఆ ఎండలో, చలి వేసినదానిలా.

ఊరంతా ఆ నింద నమ్ముతుందనుకున్నాడు గురునాథం. నలుగురూ అవునేమో అనుకుని, నాలుగు రోజులకు మరిచిపోతారని లెక్క కట్టాడు. ఊరు నమ్మలేదు. అతని మాటను చివరిదాకా నమ్మిన మనిషి ఒక్కతే.

కోడిపిల్లలను మోసే వ్యానులో గోనెలు పరిచి సంతోషకుమారిని పడుకోబెట్టారు. మార్తమ్మ కాళ్ళ దగ్గర, రెబ్కా తల దగ్గర కూర్చున్నారు. ముందు సీటుకూ వెనక్కూ మధ్య ఇనుపవల. బుడాన్ బండిని రోడ్డెక్కించాడు. సగం దూరం వెళ్ళేసరికి సంతోషకుమారి కేక పెట్టింది. ఉమ్మనీరు వ్యాను నేల మీదుగా గురునాథం చెప్పుల దాకా వచ్చింది.

"తల వచ్చింది! వదినా, ఇటు రా! వచ్చేసింది!" మార్తమ్మ గొంతు మారిపోయింది. "మెడకి పేగు చుట్టుకుంది! ఏం చెయ్యాలో నాకు తెలవదు! నువ్వు రా!"

రెబ్కా లేచింది. మోకాళ్ళ మీద రెండడుగులు జరిగింది. కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. ఆ చెయ్యి బిడ్డ దగ్గరదాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంతోమంది బిడ్డల మెడల నుంచి పేగు తప్పించిన వేళ్ళు అవి. "బుడానూ, ఇంకెంత దూరం? తొందరగా పోనీయ్ నాయనా," అంది, చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

గురునాథం సీట్లో వెనక్కి తిరిగి ఇనుపవల పట్టుకున్నాడు.

"రెబ్కా! నువ్వు గోనెలు తడిపావు! నాలుగూ తడిపావు. నేను చూశాను. తలుపులు తీసింది నేను. అవి ఎండింది నా వల్ల. నీ మీద అబద్ధం చెప్పింది నేను. విన్నావా? నీ చేతికేం కాలేదు. పట్టుకో బిడ్డను!"

రెబ్కా తలెత్తి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందని అతను ఎదురుచూశాడు. ఉంటే బాగుండేది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు, ఆ నీళ్ళ నిండా దయ.

"నా బిడ్డ కోసం అంత మాట మీ మీద వేసుకుంటన్నారా అయ్యా," అంది. "మీరు దొడ్డ మనిషి."

"దయ కాదే! నిజం! ఒట్టు, మా అమ్మ మీద ఒట్టు!"

"వద్దయ్యా. మా కోసం ఒట్లు పెట్టుకోమాకండి."

మార్తమ్మ ఏదో చేసింది. లాగిందో, తిప్పిందో, ఆమెకే తెలియదు. బుడాన్ హారను మీద నుంచి చెయ్యి తియ్యలేదు. సంతోషకుమారి ఒక్కసారి పెద్దగా అరిచి ఊరుకుంది. దాని తర్వాత ఇంకో చిన్న గొంతు వినిపించాలి. వ్యానులో అందరూ దాని కోసం ఆగారు. పేట పొలిమేర వచ్చింది, పొగాకు గోదాములు దాటాయి, అయినా వినిపించలేదు.

ఆసుపత్రిలో తల్లిని మాత్రమే బతికించగలిగారు. నెత్తురు చాలా పోయింది కానీ ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. మార్తమ్మ లోపల కోడలి దగ్గర ఉండిపోయింది. మందుల చీటీ తీసుకుని బుడాన్ బజారుకు వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద రెబ్కా, గోడకు ఆనుకుని గురునాథం.

నర్సు తెల్లటి గుడ్డలో చుట్టిన బిడ్డను తీసుకుని వచ్చింది. మగపిల్లాడు. "అమ్మమ్మ ఎవరమ్మా?" అంది.

రెబ్కా లేచి నిలబడింది. గుడ్డ అంచు జరిగినచోట కనిపిస్తున్న మొహాన్ని తనివితీరా చూసుకుంది. చెయ్యి మాత్రం చాపలేదు.

"నాకొద్దమ్మా," అంది నర్సుతో. గురునాథం వైపు తిరిగింది. ఊళ్ళో ఏ పెద్ద కులస్థుడూ పల్లె బిడ్డను ఎత్తుకోడని ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. ఆమె మనసులో అతను ఇప్పుడు ఆ కోవలో మనిషి కాదు.

"మీరు పట్టుకోండయ్యా. కాసేపు. మీ చెయ్యి మంచిది."

నర్సు ఇద్దరినీ చూసి, బిడ్డను తీసుకెళ్ళి అతని చేతుల్లో పెట్టింది.